తనను తాను కోసుకునే ఆర్‌ఎన్‌ఎ: హ్యామర్‌హెడ్ రైబోజైమ్‌ను పెన్సిల్ పట్టి చదివే పద్ధతి

హన్మకొండలో ఎంఎస్సీ బయోటెక్నాలజీ చదివేవాళ్లు, సీఎస్‌ఐఆర్ నెట్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు చేతులు మార్చుకునే జిరాక్స్ నోట్సులో రైబోజైమ్‌లకు, అంటే ఎంజైమ్‌లా పనిచేసే ఆర్‌ఎన్‌ఎలకు, మహా అయితే ఒక పేజీ ఉంటుంది. వాటిని కనుగొన్న థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్, వాళ్ల 1989 కెమిస్ట్రీ నోబెల్, కింద ఐదారు పేర్లతో ఒక టేబుల్. అందులోంచి ప్రశ్న వస్తే మార్కు పడుతుంది. "ఈ గ్వానిన్ బేస్ తీసి దాన్నే పోలిన ఇనోసిన్ పెడితే పీహెచ్ కర్వ్ (పీహెచ్‌తో కోత వేగం మారే గీత) ఎటు జరుగుతుంది?" అని అడిగితే మాత్రం ఆ టేబుల్ ఎందుకూ పనికిరాదు.

అందుకే ఇక్కడ టేబుల్ ఇవ్వడం లేదు. హ్యామర్‌హెడ్ అనే ఒక్క చిన్న రైబోజైమ్‌ను తీసుకొని, మొదట దాని రసాయనం, తర్వాత దాని ఆకారం, చివర దాని వేగం చూద్దాం. ఈ ఒక్కటి చేతికొస్తే మిగతావాటికి అంత టైం పట్టదు. కావలసినవి: గళ్ల కాగితం, పెన్సిల్, రబ్బరు, ఇంటర్నెట్ ఉన్న ల్యాప్‌టాప్. ల్యాబ్ ఉంటే మంచిదే. లేకపోయినా ఆరో మెట్టు తప్ప అన్నీ ఇంట్లో కూర్చొని చేయొచ్చు.

మొదటి మెట్టు: తెగే బంధాన్ని గీయండి

చాలామంది ముందు ఆకారం గీసి, తర్వాత రసాయనం వైపు వస్తారు. దాన్ని తిరగేయండి. ఏ బంధం తెగుతుందో తెలియకుండా ఆకారం చూస్తే అది వట్టి బొమ్మే.

కాగితం మీద రెండు రైబోజ్ చక్కెరలు గీయండి, ఒకటి పైన, ఒకటి కింద. పై చక్కెర 3′ ఆక్సిజన్‌కూ కింది చక్కెర 5′ ఆక్సిజన్‌కూ మధ్య ఫాస్ఫరస్ పెట్టండి. ఫాస్ఫరస్‌కు ఇంకో రెండు ఆక్సిజన్లు ఉంటాయి, వంతెనలో లేనివి. ఇప్పుడు పై చక్కెర 2′ స్థానంలో ఉన్న హైడ్రాక్సిల్‌ను ఎర్ర పెన్నుతో చుట్టండి. డీఎన్‌ఎలో లేనిది, ఆర్‌ఎన్‌ఎలో ఉన్నది ఇదే. మన కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఆ 2′ ఆక్సిజన్ తన ప్రోటాన్ పోగొట్టుకొని పక్కనే ఉన్న ఫాస్ఫరస్ మీద దాడి చేస్తుంది. కాసేపు ఫాస్ఫరస్‌కు ఐదు ఆక్సిజన్లు అంటుకొని ఉంటాయి. ఆ స్థితిలో మూడు ఒకే తలంలో ఉంటాయి, దాడి చేసేది పైన, వెళ్లిపోయేది కింద. తర్వాత 5′ ఆక్సిజన్ ఊడిపోతుంది. మిగిలేవి రెండు ముక్కలు: పై ముక్క చివర 2′,3′ సైక్లిక్ ఫాస్ఫేట్, కింది ముక్క మొదట్లో 5′ హైడ్రాక్సిల్. నీళ్లు అవసరం లేదు, ఏటీపీ అవసరం లేదు.

ఇందులో పట్టుకోవాల్సిన మాట "వరుస". 2′ ఆక్సిజన్, ఫాస్ఫరస్, 5′ ఆక్సిజన్ మూడూ 180 డిగ్రీలకు దగ్గరగా ఒకే గీత మీదికి రావాలి. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్, కాయిన్, పాకెట్ ఒకే గీతలో ఉంటేనే కాయిన్ నేరుగా పడ్డట్టు. ఆర్‌ఎన్‌ఎ పోగులు జంటకట్టినప్పుడు వచ్చే మామూలు ఎ-ఫామ్ డబుల్ హెలిక్స్‌లో ఈ మూడూ ఆ గీతకు చాలా దూరంగా ఉంటాయి. అందుకే జంటకట్టిన ఆర్‌ఎన్‌ఎ గట్టిగా నిలుస్తుంది, జంటలేని వదులు భాగాలే ముందు తెగుతాయి. ఇన్-లైన్ ప్రోబింగ్ అనే ప్రయోగం మొత్తం ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది.

ఇప్పుడు కాగితం పక్కన నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఎవరు వరుసలో నిలబెడతారు? 2′ ఆక్సిజన్ నుంచి ప్రోటాన్ ఎవరు తీసుకుంటారు? వెళ్లిపోయే 5′ ఆక్సిజన్‌కు ప్రోటాన్ ఎవరు ఇస్తారు? ఫాస్ఫేట్ మీద పెరిగే రుణావేశాన్ని ఎవరు మోస్తారు? ఏ రైబోజైమ్ పేపర్ చేతికొచ్చినా నేను ముందు వెతికేది ఈ నాలుగింటికి జవాబులే.

రెండో మెట్టు: మీ సొంత హ్యామర్‌హెడ్‌ను కట్టండి

1986లో దీన్ని మొక్కల్లో రోగాలు తెచ్చే బుల్లి వలయాకార ఆర్‌ఎన్‌ఎల్లో గుర్తించారు. ఒకటి పొగాకు రింగ్‌స్పాట్ వైరస్‌ను అంటిపెట్టుకొని ఉండే శాటిలైట్ ఆర్‌ఎన్‌ఎ, ఇంకొకటి అవకాడో సన్‌బ్లాచ్ వైరాయిడ్ (వైరాయిడ్ అంటే ప్రోటీన్ తొడుగు లేని, ఒట్టి ఆర్‌ఎన్‌ఎ రోగకారకం). అవకాడో మనకు దూరమనిపిస్తే, చామంతి ఆకులను మచ్చలు మచ్చలుగా పాలిపోయేలా చేసే వైరాయిడ్‌లోనూ, వంకాయ వైరాయిడ్‌లోనూ ఇదే హ్యామర్‌హెడ్ ఉంది. బతుకమ్మలో పేర్చే చామంతికీ ఈ పాఠానికీ ఆ మాత్రం చుట్టరికం ఉంది. ఈ వైరాయిడ్లు తమను తాము ఒక పొడుగాటి గొలుసుగా కాపీ చేసుకుంటాయి. ఆ గొలుసును ఒక్కో ప్రతిగా కోయడానికే ఈ కత్తి.

సహజంగా ఒకే పోగులో ఉండే దీన్ని రెండు పోగులుగా విడదీస్తే చదవడం సులువు: ఒకటి కోసేది (రైబోజైమ్), ఒకటి కోయించుకునేది (సబ్‌స్ట్రేట్). నేను కట్టిన ఉదాహరణ ఇది.

సబ్‌స్ట్రేట్, 5′ నుంచి 3′ వైపు, 14 న్యూక్లియోటైడ్లు (అక్షరాలు):
జిజిసిఎఎజియుసి ↓ ఎయుఎసిసిసి

రైబోజైమ్, 5′ నుంచి 3′ వైపు, 35 న్యూక్లియోటైడ్లు:
జిజిజియుఎయు – సియుజిఎయుజిఎ – జియుసిసి జిఎఎఎ జిజిఎసి – జిఎఎ – ఎసియుయుజిసిసి

గళ్ల కాగితం మీద సబ్‌స్ట్రేట్‌ను పైన ఎడమ నుంచి కుడికి రాయండి. బాణం దగ్గర కోత. బాణానికి ఎడమన ఉన్న సి పేరు సి17. దానికి ముందు యు16.1, అంతకు ముందు జి16.2. బాణానికి కుడిన మొదటిది ఎ1.1. ఈ దశాంశాల నంబర్లు మొదట్లో చికాకు పుట్టిస్తాయి కానీ వదలొద్దు. ప్రపంచంలో ఏ హ్యామర్‌హెడ్ పేపర్ తెరిచినా ఇవే ఉంటాయి.

రైబోజైమ్ పోగును కింద రివర్స్‌లో రాయండి. దాని మొదటి ఆరు, జిజిజియుఎయు, సబ్‌స్ట్రేట్ కుడి ఆరింటితో జత కడతాయి. ఇది స్టెమ్ 1. దాని చివరి ఏడు, ఎసియుయుజిసిసి, సబ్‌స్ట్రేట్ ఎడమ ఏడింటితో జత కడతాయి. ఇది స్టెమ్ 3, ఇందులో మొదటి ఎ పేరు ఎ15.1, అది యు16.1తో జత. మధ్యలో జియుసిసి, జిజిఎసి తమలో తాము ముడుచుకొని జిఎఎఎ అనే నాలుగక్షరాల లూప్‌తో స్టెమ్ 2 అవుతాయి. సి17 ఎవరితోనూ జతకట్టకుండా మిగులుతుంది. సరిగ్గా కోత పడేది దాని పక్కనే.

జతకట్టని మిగతా అక్షరాలే గుండెకాయ: సియుజిఎయుజిఎ (3 నుంచి 9 వరకు), జిఎఎ (12 నుంచి 14 వరకు). చేతుల్లో, అంటే స్టెమ్‌లలో అక్షరాలను మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు, జత కుదిరితే చాలు. గుండెకాయలో 7వది తప్ప మిగతా దేన్ని మార్చినా వేగం పడిపోతుంది. 17వ స్థానంలో జి తప్ప ఏదైనా పర్వాలేదు. 16.1 దగ్గర మాత్రం యు ఉండాలి.

ఇక్కడ ఒక అభ్యాసం. మీకు నచ్చిన ఏదో ఒక ఎంఆర్‌ఎన్‌ఎ సీక్వెన్స్ తీసుకొని జియుసి ఎక్కడుందో వెతకండి. అందులోని సికి ముందున్న ఏడు, తర్వాత ఉన్న ఆరు అక్షరాలు తీసుకొని పైన చెప్పిన పద్ధతిలో చేతులు మార్చి కొత్త రైబోజైమ్ రాయండి. తర్వాత సబ్‌స్ట్రేట్ తనలో తాను ముడుచుకుంటుందేమో చూడండి. మొదట్లో జిజిసి, చివర జిసిసి లాంటివి పడితే ఆ పోగు తనకు తానే జతకట్టి కూర్చుంటుంది, రైబోజైమ్‌కు చిక్కదు. ఉదాహరణలో కుడి చేతిని అలా ముడుచుకోకుండా చూసుకొనే ఎంచుకున్నాను.

మూడో మెట్టు: త్రీడీ బొమ్మలో తిరగండి

ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 2జిఓజెడ్ అనే కోడ్ కొట్టండి. రక్తనాళాల్లో ఉండే షిస్టోసోమా మాన్సోనీ అనే పరాన్నజీవి నుంచి తీసిన పూర్తి హ్యామర్‌హెడ్ ఇది. మార్టిక్, స్కాట్ అనే శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు, రిజల్యూషన్ 2.2 ఆంగ్‌స్ట్రామ్‌లు. పైమాల్ గానీ కైమెరాఎక్స్ గానీ (త్రీడీ బొమ్మలు చూపే సాఫ్ట్‌వేర్లు) వాడండి. రెండూ రాకపోతే ఆ వెబ్‌సైట్‌లోని వ్యూయర్ చాలు.

బొమ్మ తెరవగానే రంగులు మార్చుతూ కూర్చోవద్దు. కార్టూన్ తీసేసి సి17, ఎ1.1 (ఈ ఫైల్‌లో 1.1 స్థానంలో ఇంకో బేస్ ఉండొచ్చు, స్థానమే ముఖ్యం), జి12, జి8, ఎ9 మాత్రం స్టిక్స్‌లో పెట్టండి. సి17 మీద 2′ హైడ్రాక్సిల్ బదులు మిథాక్సీ కనిపిస్తుంది. కోత ఆపడానికి కావాలనే అలా పెట్టారు. లేకపోతే క్రిస్టల్ తయారయ్యేలోపే కత్తి తన పని చేసుకొని పోతుంది.

ఇప్పుడు దూరాలు కొలవండి. జి12 బేస్‌లోని 1వ నైట్రోజన్ సి17 2′ ఆక్సిజన్‌కు హైడ్రోజన్ బంధం పడేంత దగ్గర్లో ఉంటుంది. జి8 చక్కెర మీది 2′ హైడ్రాక్సిల్ వెళ్లిపోయే 5′ ఆక్సిజన్ వైపు చూస్తూ ఉంటుంది. 2′ ఆక్సిజన్, ఫాస్ఫరస్, 5′ ఆక్సిజన్ దాదాపు ఒకే గీతలో ఉంటాయి. నాలుగు ప్రశ్నల్లో మూడింటికి స్క్రీన్ మీదే జవాబు దొరికింది.

ఈ జవాబు దొరకడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్ల గొడవ తెలుసుకోకపోతే నిర్మాణాలను ఎంతవరకు నమ్మాలో అర్థం కాదు. మొదటి క్రిస్టల్ నిర్మాణాలు 1994, 1995లలో వచ్చాయి. బయోకెమిస్టులు అప్పటికే ఒక్కో అణువునూ మార్చి చూసి, జి5, జి8, జి12 చాలా ముఖ్యమని తేల్చారు. ఎ9 ఫాస్ఫేట్, కోత పడే ఫాస్ఫేట్ రెండింటినీ ఒకే లోహ అయాన్ పట్టుకుంటుందని కూడా తర్వాత చూపించారు. క్రిస్టల్‌లో చూస్తే ఆ రెండు ఫాస్ఫేట్ల మధ్య దూరం సుమారు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు! ఒక అయాన్ అంత దూరం చేతులు చాచలేదు. ఎవరి డేటా తప్పు?

ఎవరిదీ తప్పు కాదు. అందరూ వాడింది కుదించిన హ్యామర్‌హెడ్, మనం పైన కట్టినట్టిదే. సహజమైనదాంట్లో స్టెమ్ 1, స్టెమ్ 2 చివర్ల లూపులు ఒకదానికొకటి తగిలి పట్టుకుంటాయి. అనవసరం అనుకొని ఆ లూపులను కత్తిరించేశారు. 2003లో రెండు బృందాలు ఆ లూపుల పట్టు ఉంటే చాలా తక్కువ మెగ్నీషియంలోనూ కోత బాగా జరుగుతుందని చూపించాయి. 2006 నిర్మాణంలో లూపులు ఉన్నాయి, ఫాస్ఫేట్ల మధ్య దూరం సుమారు 4 ఆంగ్‌స్ట్రామ్‌లకు వచ్చింది. బయోకెమిస్టుల లెక్కలన్నీ అందులో ఇమిడిపోయాయి. కుదించినది కూడా కోస్తుంది కదా అంటే, కోస్తుంది. ఎక్కువ సేపు వేరే ఆకారంలో ఉంటూ, అప్పుడప్పుడు మాత్రం సరైన ఆకారంలోకి జారుతుంది. వేగంలో తేడా వెయ్యి రెట్ల వరకు ఉంటుంది.

ఇంకొకటి కొలవండి: సి3, జి8 జతకట్టి ఉంటాయి. జి8ని సిగా మారిస్తే కోత ఆగిపోతుంది. అప్పుడు సి3ని కూడా జిగా మారిస్తే మళ్లీ కోస్తుంది. అంటే 8వ స్థానంలో బేస్ చేసే పని జతకట్టడమే, ప్రోటాన్ ఇచ్చే పని దాని చక్కెరది. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఇది.

నాలుగో మెట్టు: ప్రోటాన్ లెక్క

ప్రోటీన్ ఎంజైమ్‌కు హిస్టిడిన్ ఉంది, దాని పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదులుకొని ఉండే పీహెచ్) సుమారు 6-7. తటస్థ పీహెచ్ దగ్గర ప్రోటాన్ తీసుకోవడానికీ ఇవ్వడానికీ అంతకంటే అనువైనది లేదు. ఆర్‌ఎన్‌ఎకు ఆ భాగ్యం లేదు. అడినిన్ పీకేఏ సుమారు 3.5-3.8, సైటోసిన్‌ది సుమారు 4.2-4.5, గ్వానిన్ 1వ నైట్రోజన్‌ది 9.2 పైన. 2′ హైడ్రాక్సిల్‌ది 13 దాకా. అందుకే ఆర్‌ఎన్‌ఎ ఎంజైమ్ కాలేదని ఒకప్పుడు అనుకున్నారు.

చేతి లెక్క చూడండి. జి12 ప్రోటాన్ తీసుకోవాలంటే ముందు తన ప్రోటాన్ వదులుకొని ఉండాలి. పీకేఏ 9.2, పీహెచ్ 7.2 అనుకుంటే వందలో ఒక్క అణువే ఆ స్థితిలో ఉంటుంది. పీహెచ్ ఒకటి పెంచితే పదింతలు. గ్రాఫ్‌లో వేగం లాగరిథమ్‌ను పీహెచ్‌కు ఎదురుగా గీస్తే వాలు 1 రావడం అందుకే. పీకేఏ దగ్గరికొచ్చేసరికి గీత వంగి చదునవుతుంది. జి12 బదులు ఇనోసిన్ పెడితే దాని పీకేఏ సుమారు 8.7 కాబట్టి వంపు ఎడమకు, అంటే తక్కువ పీహెచ్ వైపు జరగాలి. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఐదో మెట్టు: మెగ్నీషియం ఏం చేస్తుంది

దీని మీద నోట్సుల్లో కనిపించేది సగం నిజం. "రైబోజైమ్‌లు మెటల్లోఎంజైమ్‌లు", అంటే లోహ అయాన్ సాయంతో పనిచేసేవి, అని రాసి ఉంటుంది. గ్రూప్ 1 ఇంట్రాన్, ఆర్‌ఎన్‌ఏజ్ పి లాంటి పెద్ద రైబోజైమ్‌లకు అది సరిపోతుంది. చిన్నవాటికి అలా తేల్చి చెప్పలేం. 1998లో హ్యామర్‌హెడ్, హెయిర్‌పిన్, విఎస్ రైబోజైమ్‌లు మెగ్నీషియం లేకుండా, చాలా ఎక్కువ గాఢత ఉన్న లిథియం ఉప్పులో కూడా కోస్తాయని చూపించారు. అంటే మెగ్నీషియం పని ఎక్కువగా ఆవేశాలను అణచి ఆకారం నిలబెట్టడం. కోత దగ్గర చేయందిస్తే మంచిదే, అదొక్కటే దిక్కు కాదు.

లోహం నిజంగా అక్కడే ఉందా అని తేల్చే ఉపాయం మాత్రం తెలుసుకోదగ్గది. ఫాస్ఫేట్‌లో వంతెన కాని ఆక్సిజన్ ఒకదాన్ని సల్ఫర్‌తో మార్చండి. మెగ్నీషియం ఆక్సిజన్‌ను ఇష్టపడుతుంది, సల్ఫర్‌ను పట్టించుకోదు, కాబట్టి వేగం కూలుతుంది. ఇప్పుడు సల్ఫర్‌ను ఇష్టపడే కాడ్మియం కొంచెం వేయండి. వేగం తిరిగొస్తే ఆ స్థానంలో లోహం చేయి వేసి ఉన్నట్టే. దీన్ని థయో రెస్క్యూ అంటారు. 20 ఆంగ్‌స్ట్రామ్‌ల గొడవ మొదలైంది ఇలాంటి ప్రయోగంతోనే.

ఆరో మెట్టు: బెంచ్ మీద

ల్యాబ్ అందుబాటులో ఉన్నవాళ్లకే ఇది. 14 అక్షరాల సబ్‌స్ట్రేట్‌ను 5′ చివర ఫ్లోరెసీన్ అనే వెలిగే రంగు తగిలించి కొనడం తేలిక. రైబోజైమ్‌ను టీ7 ఆర్‌ఎన్‌ఎ పాలిమరేజ్‌తో తయారు చేసుకోవచ్చు. మన పోగు జిజిజితో మొదలవడం అందుకే, టీ7కు ఆ మొదలు నచ్చుతుంది. ఒకే పోగులో ఉండే పూర్తి హ్యామర్‌హెడ్‌ను ఇలా తయారు చేయబోతే అది ట్రాన్స్‌క్రిప్షన్ ట్యూబులోనే తెగిపోతుంది, ఆ బఫర్‌లో మెగ్నీషియం ఉంటుంది కాబట్టి.

వరుస తప్పకండి. రైబోజైమ్‌ను, సబ్‌స్ట్రేట్‌ను మెగ్నీషియం లేని ట్రిస్ బఫర్‌లో, పీహెచ్ 7.5 దగ్గర, 90 డిగ్రీల వద్ద ఒకట్రెండు నిమిషాలు వేడి చేసి చల్లార్చండి. మెగ్నీషియం క్లోరైడ్ చివర వేయాలి, 10 మిల్లీమోలార్‌కు. మెగ్నీషియం వేసి వేడి చేస్తే ఆర్‌ఎన్‌ఎ ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. రైబోజైమ్ సబ్‌స్ట్రేట్ కంటే బాగా ఎక్కువ ఉంచండి. అప్పుడు ప్రతి సబ్‌స్ట్రేట్‌కూ ఒక కత్తి దొరుకుతుంది, లెక్క తేలికవుతుంది. 0, 15, 30 సెకన్లు, 1, 2, 5, 10 నిమిషాలకు కొంచెం కొంచెం తీసి, మెగ్నీషియంను పట్టేసే ఈడీటీఏ కలిపిన ఫార్మమైడ్‌లో వేస్తే ఆట ఆగుతుంది. తర్వాత యూరియా ఉన్న 20 శాతం అక్రిలమైడ్ జెల్. వెలుగుతూ కనిపించేవి రెండే బ్యాండ్లు: 14 అక్షరాల మొత్తం పోగు, 8 అక్షరాల ముక్క. ఆరక్షరాల ముక్కకు రంగు లేదు, అది కనపడదు.

కోసిన భాగాన్ని కాలానికి ఎదురుగా గీస్తే ఎక్స్‌పొనెన్షియల్ కర్వ్ వస్తుంది. కుదించిన హ్యామర్‌హెడ్ వేగ స్థిరాంకం నిమిషానికి 1 దగ్గర్లో ఉంటుంది. అంటే 42 సెకన్లలో సగం, ఒక నిమిషంలో 63 శాతం, ఐదు నిమిషాల్లో 99 శాతం. మీ లెక్క నిమిషానికి 0.1 వస్తే ముందు పీహెచ్ మీటర్‌ను, తర్వాత మెగ్నీషియం స్టాక్‌ను అనుమానించండి.

పుస్తకాల్లో "గది ఉష్ణోగ్రత" అంటే 25 డిగ్రీలు. మే నెలలో వరంగల్‌లో ఆ మాటకు అర్థం లేదు. ఏసీ లేని ల్యాబ్‌లో 38 దాటుతుంది, ఆరు జతల చేయి ఆ వేడికి వదులవుతుంది, కర్వ్ ఒక్కో రోజు ఒక్కోలా వస్తుంది. డ్రై బాత్ కాదు, చల్లబరిచే సదుపాయం ఉన్న బ్లాక్ కావాలి. నీళ్లను డీఈపీసీతో (ఆర్‌ఎన్‌ఎను కోసే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైమ్‌ను చంపే రసాయనం) శుద్ధి చేసుకోండి కానీ ట్రిస్ బఫర్‌లో నేరుగా డీఈపీసీ వేయకండి, ట్రిస్ దాన్ని తినేస్తుంది. గ్లవ్స్ తీసి ఫోన్ ఎత్తి, అదే చేత్తో ట్యూబు ముట్టుకుంటే వేలి మీది ఆర్‌ఎన్‌ఏజ్ మీ కంటే బాగా కోస్తుంది.

ఏడో మెట్టు: అవే నాలుగు ప్రశ్నలు, వేరే రైబోజైమ్‌లు

హెయిర్‌పిన్‌లో ప్రోటాన్ తీసుకునేది జి8, ఇచ్చేది ఎ38. హెపటైటిస్ డెల్టా వైరస్ రైబోజైమ్‌లో ప్రోటాన్ ఇచ్చేది సి75, సైటోసిన్! దాని పీకేఏ చుట్టుపక్కల రుణావేశాల వల్ల 6 పైకి జరుగుతుంది. ఆర్‌ఎన్‌ఎ తనకు లేని హిస్టిడిన్‌ను తానే తయారు చేసుకున్నట్టు. బ్యాక్టీరియాలోని జిఎల్‌ఎంఎస్ రైబోజైమ్ ఇంకో అడుగు వేసి, గ్లూకోజమైన్-6-ఫాస్ఫేట్ అనే చిన్న అణువును బయటి నుంచి అరువు తెచ్చుకొని దాని అమైన్‌తో పని నడిపిస్తుంది.

పెద్దవాటిలో మొదటి మెట్టు బొమ్మే మారిపోతుంది. 1982లో చెక్ బృందం టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో చూసిన గ్రూప్ 1 ఇంట్రాన్‌లో దాడి చేసేది పక్కింటి 2′ ఆక్సిజన్ కాదు, బయటి నుంచి వచ్చిన గ్వానోసిన్ 3′ హైడ్రాక్సిల్. ఆల్ట్‌మన్ బృందం 1983లో ఈ.కోలైలో చూపిన ఆర్‌ఎన్‌ఏజ్ పి, 377 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఎ, నీటితో దాడి చేయిస్తుంది. ఈ రెండింటిలో వెళ్లిపోయేది 3′ ఆక్సిజన్. కాబట్టి ముక్కల చివర్లు చూసి ఏ జాతి కత్తో చెప్పేయొచ్చు: సైక్లిక్ ఫాస్ఫేట్ ఉంటే చిన్నది, 3′ హైడ్రాక్సిల్ ఉంటే పెద్దది.

చివరగా కణంలో ప్రోటీన్లు తయారు చేసే రైబోజోమ్. డేటా బ్యాంక్‌లో 1ఎఫ్‌ఎఫ్‌కే తెరవండి, 2000లో వచ్చిన, హాలోఆర్కులా అనే సూక్ష్మజీవి రైబోజోమ్ పెద్ద సబ్‌యూనిట్. పెప్టైడ్ బంధం ఏర్పడే చోటు చుట్టూ 18 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు ప్రోటీన్ సైడ్ చెయిన్ ఒక్కటీ లేదు, అంతా ఆర్‌ఎన్‌ఎనే. థామస్ స్టైట్జ్‌కు 2009 నోబెల్‌లో వాటా తెచ్చిన పని ఇది. అక్కడ ప్రోటాన్ తీసుకునే బేస్ ఎ2451 అని మొదట ప్రతిపాదించారు. దాన్ని మార్చి చూస్తే రైబోజోమ్ పెద్దగా చలించలేదు. ప్రోటాన్లను అందించడంలో ముఖ్యమైన పాత్ర పి-సైట్ టీఆర్‌ఎన్‌ఎ (పెరుగుతున్న ప్రోటీన్ గొలుసును మోసే ఆర్‌ఎన్‌ఎ) చివరి అడినోసిన్ 2′ హైడ్రాక్సిల్‌దని తేలింది. వేగం సుమారు కోటి రెట్లు పెరగడానికి ప్రధాన కారణం ఆమ్ల-క్షార రసాయనం కాదు, రెండు టీఆర్‌ఎన్‌ఎల చివర్లను ఎదురెదురుగా సరైన చోట నిలబెట్టడం. మన నాలుగు ప్రశ్నల్లో మొదటిదానికే అక్కడ ఎక్కువ మార్కులు పడతాయి.